వాయిదాల వెనుక నున్నదెవరు?

(గోపాల్‌పేట గ్రంథాలయమున చదువరుల సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



మీ కార్యదర్శిగారు నన్ను పిలిచినపుడు "మీ యిష్టమువచ్చిన విషయముపై మాటాడుడు; రాజకీయము మాత్రము వద్దు" అని షరతు విధించిరి. న్యాయస్థానముల సంగతి రాజకీయమో కాదో నాకిప్పటికిని తేలలేదు. మాటాడి చూచెదను. షరతు మీరినచో ఆయన గంట కొట్టవచ్చును.

మన పాలమూరు సీమలో కోర్టుమాటలు పెక్కు నిజాము కాలమునాటి ఉర్దూ కచ్చేరీలనుండి వచ్చినవి. వకీలు, ముద్దాయి, గవాహి, పేషీ, తారీఖు, ఫైసలా. ఈ మాటలెరుగని పల్లెవాడు లేడు. వీనిలో హెచ్చుగా వినవచ్చునది ఫైసలా కాదు, తారీఖు. కోర్టునుండి తిరిగివచ్చిన వానిని చూచి అరుగుమీది పెద్దమనిషి "ఏమయ్యెను?" అని అడుగడు. "మల్ల ఎన్నడేసిండ్రు?" అని అడుగును. న్యాయము కొరకు పోయినవాడు తారీఖు తెచ్చుకొనుట మనకంత సహజమైపోయినది. ఎండకాలమును, వానకాలమును ఎవరును తేలేదు గదా, అవియే వచ్చినవి. వాయిదాలును అట్లే వచ్చుచున్నవని జనులనుకొనుచున్నారు. ఈ తలంపు తప్పని చెప్పుటకే నేడు నిలుచున్నాను. ప్రతి వాయిదాను ఎవరో ఒకరు అడుగుదురు, ఎవరో ఒకరు ఇత్తురు. అడిగినవానికిని ఇచ్చినవానికిని పేరున్నది. దాని ఖర్చు పెట్టుకొనువాడు మాత్రము మూడవవాడు.

ముందు నా సంగతియే చెప్పుకొందును. నేను నల్లకోటు తొడిగిన తొలియేండ్లలో ఒక సీనియరుగారి వద్ద పని నేర్చుచుంటిని. గట్టు తగాదాలో జరిగిన హత్యకేసొకటి. మేము ముద్దాయి పక్షము. కన్నులార చూచిన సాక్షి మృతుని అక్క, అరువదేండ్ల ముసలామె. ఆమె ఏడుమారులు కోర్టుకు వచ్చినది. ఒకనాడు జడ్జిగారు సెలవు, ఒకనాడు ముద్దాయిలలో ఒకనిని జైలునుండి తేలేదు, ఒకనాడు ప్రాసిక్యూటరుగారి వద్ద కట్ట లేదు. మిగిలిన నాలుగింటిలో మూడు మావి. సీనియరుగారికి వేరొక కోర్టులో పనియున్నదని నేనే లేచి నిలిచి, నేనే వంగి, నేనే వాయిదా తీసికొంటిని. మూడవసారి వరండాలో ఆమె నన్నాపి, "వకీలుసాబ్, నేను జూసింది ఒక్కపారి. మీరు పిలిచింది గిన్నిపార్లు. జూసిందే మరిచిపోవట్టిన" అన్నది. నేను నవ్వి తప్పుకొంటిని.

తుదకామె బోనెక్కిన నాటికి సంఘటన జరిగి ఆరేండ్లు దాటినది. చీకటిపడిన ఎంతసేపటికని మేమడిగితిమి. మొదట ఒకటి చెప్పి, పిదప వేరొకటి చెప్పినది. లాంతరెవరి చేతనున్నదో తడబడినది. ముద్దాయి విడుదలయ్యెను. సీనియరుగారు నా భుజము తట్టిరి. ఆ మనిషి దోషియో నిర్దోషియో నేటికిని నేనెరుగను. ఎరుగు ఉపాయమును మేమే చెడగొట్టితిమి.

ఇది ఒక చిన్న కేసు, పత్రికలకెక్కలేదు. పత్రికలకెక్కిన పెద్దకేసులోను ఇదే జరిగినది. తెలుగుదేశమున పేరెరుగని వారులేని చుండూరు కేసును మీముందుంచుచున్నాను.

తెనాలికి దగ్గరనున్న చుండూరు అప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. 1991 ఆగస్టు 6వ తేదీన ఆ గ్రామమున ఎనమండుగురు దళితులను వెంటాడి చంపిరి. కొందరి శవములను గోనెసంచులలో కట్టి కాలువలో పారవైచిరి. ఊరు విడిచిన దళితకుటుంబములు తెనాలిలో తలదాచుకొనవలసి వచ్చినది. చనిపోయినవారిని ఊరి నడుమనే ఖననముచేసి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరిడిరి. అంతకు ఆరేండ్ల క్రిందట, 1985 జూలై 17న, ప్రకాశము జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి. ఆ ఘోరమునకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదలుకొనిన బొజ్జా తారకముగారు చుండూరు బాధితులకును కడవరకు అండయై నిలిచిరి. వకీళ్లలో అట్టివారును ఉండిరని మావాళ్లకు నేను తరచుగా జ్ఞాపకము చేయుచుందును.

చుండూరు బాధితులు అడిగినదానిని మీరు శ్రద్ధగా గమనింపవలెను. శిక్షలు కఠినముగా వేయుడని మాత్రమే వారడుగలేదు. కోర్టును మా ఊరికి తెండని అడిగిరి. చదువుకొనినవారికి ఇది వింతగా తోచవచ్చును. కోర్టునకు పోయివచ్చిన కూలివానికి తోచదు. దూరపు పట్టణమునకు పోవలెనన్న ఒకనాటి కూలి పోవును, బస్సుకూలి పోవును, పోవుదారిలో బెదిరించువాడు ఎదురగును, పోయిన పిదప వాయిదా ఎదురగును. 1989 నాటి షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము ప్రత్యేక న్యాయస్థానములను ఏర్పరుపవలెనని చెప్పుచున్నది. ఆ చట్టము క్రింద నేరము జరిగిన గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పుట చుండూరులో జరిగినది. ఇది అపూర్వమైన సంగతి. కాని సాక్షుల విచారణ మొదలగునప్పటికి 2004వ సంవత్సరము వచ్చినది. పదమూడేండ్లు!

ఈ పదమూడేండ్లును ఏ ఒక్కడును దొంగిలించలేదు, పలువురు పంచుకొనిరి. కోర్టు ఎక్కడ పెట్టవలెనను తగవు కొంత తినినది, పై కోర్టులలో వేసిన దరఖాస్తులు కొంత తినినవి, రెండువందలకు మించిన ముద్దాయిలను ఒకచోట చేర్చుట కొంత తినినది. ఇవి చాలనట్లు చట్టములోనే ఒక ముడియుండెను. ప్రత్యేక కోర్టు నేరుగా కేసు చేపట్టవలెనా, మేజిస్ట్రేటు ద్వారా కమిటల్ అయి రావలెనా యను ప్రశ్న దేశమంతటను నలిగి నలిగి, మన ఆంధ్రప్రదేశమునుండియే పోయిన గంగుల అశోక్ కేసులో 2000 జనవరిలో సుప్రీంకోర్టు కమిటల్ తప్పదని తేల్చినది. చట్టమునకు సవరణ చేసి ఈ ముడి విప్పినది 2015లో. ఒక ముడి విప్పుటకు దొరతనమువారికి పదునైదేండ్లు పట్టినది. దానికెవరును వాయిదా దరఖాస్తు వేయలేదు సుమా!

2007 జూలై 31న తీర్పు వచ్చెను. అప్పటికి ముద్దాయిలలోనే కొందరు కన్నుమూసిరి. తీర్పు పొందినవారు 179 మంది. అందు 21 మందికి యావజ్జీవము, 35 మందికి ఏడాది కఠినశిక్ష, 123 మందికి విడుదల. పదునారేండ్ల పిదపనైనను తీర్పు వచ్చినదని సంతసించినవారుండిరి. ఆ సంతసము ఏడేండ్లు నిలువలేదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నిటిని కొట్టివైచి, అందరిని విడుదల చేసినది. మరణము సంభవించిన వేళ, సంఘటన జరిగిన చోటు, చంపినవారి గుర్తింపు, ఈ మూడింటిని ప్రాసిక్యూషను నిశ్చయముగా నిరూపింపలేదని కారణములు చూపినది. అదే ఏడు వ్యవహారము సుప్రీంకోర్టుకు పోగా, అచ్చట ఆ తీర్పుపై స్టే లభించినది.

హైకోర్టు తీర్పు తప్పా ఒప్పా యని ఇచ్చట తీర్మానించుట నా పనికాదు. అది మరొక సభకు, మరొక పాండిత్యమునకు చెందినది. నేనడుగునది ఒక్కటే. వేళ, చోటు, మనిషి: ఈ మూడును జ్ఞాపకశక్తికి సంబంధించినవి. 1991లో పొలముగట్లవెంబడి ప్రాణములు చేతబట్టుకొని పరుగెత్తిన మనిషిని 2004 దాటిన పిదప బోనులో నిలిపి, "గంట ఎంత? గట్టుకు ఏ ప్రక్క? గొడ్డలి ఎవరిచేత, బరిసె ఎవరిచేత?" అని అడిగితిమి. ఈ ప్రశ్నలడుగుట ముద్దాయికిగల హక్కు. దానిని నేను కాదనను. నా బ్రతుకే ఆ ప్రశ్నలపై గడచుచున్నది. కాని ఆ ప్రశ్నలకు బదులు చెప్పలేని స్థితికి సాక్షిని తెచ్చినదెవరు? మొదట కాలయాపన జరుగును. పిదప ఆ కాలయాపనయే డిఫెన్సుకు ఆయుధమగును. మా వృత్తిలో దీనిని ఎవరును బయటికి చెప్పరు, అందరును ఎరుగుదురు. గెలువలేని కేసును పాతబడనిమ్మని జూనియరుకు మొదటనే నేర్పుదురు.

కారంచేడు కేసునకు తుది తీర్పు సుప్రీంకోర్టులో 2008 డిసెంబరులో వచ్చెను. ఇరువదిమూడేండ్లు. ఇది పేదవాని కేసుకే పట్టిన గ్రహచారమనుకొనకుడు. కేంద్రములో రైల్వేమంత్రిగానున్న లలిత్ నారాయణ్ మిశ్రాగారు 1975 జనవరి 2న బీహారులోని సమస్తీపూరు స్టేషనులో బాంబు ప్రేలి గాయపడి మరునాడు మరణించిరి. ఆ కేసులో ఢిల్లీ కోర్టు ముద్దాయిలను దోషులని తేల్చినది 2014 డిసెంబరులో. దాదాపు నలువదేండ్లు! ఇంత ఆలస్యమైనది గనుక కేసునే కొట్టివేయుడని ముద్దాయిలు నడుమ సుప్రీంకోర్టుకు పోగా, 2012లో ఆ ప్రార్థన నిరాకరింపబడెను. మంత్రి హత్యకే ఈ గతియైనచో మన గట్టు తగాదాల మాట చెప్పవలెనా?

ఇంతవరకు విని, "అయినచో త్వరగా ముగించి ఉరివేయుట మేలు" అని మీలో ఎవరైన అనుకొనుచున్నచో, ఆగుడు. త్వరయు మన తెలంగాణమునకు తెలియనిది కాదు. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య ముగిసిన వారములోపల నల్లగొండ జిల్లాలో జరిగిన హత్యలకు సంబంధించి ప్రత్యేక ట్రిబ్యునలు 1949 ఆగస్టులో మరణశిక్షలు విధించినది. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వానిని ఖాయపరచినది. మాకు వకీలును పెట్టుకొను అవకాశమే సరిగా దొరకలేదని ఖైదీలు మొరపెట్టిరి. ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చి వారిపక్షమున సుప్రీంకోర్టులో వాదించెను. జనార్దనరెడ్డి కేసుగా 1951లో అది నిర్ణయమై, ఖైదీల ప్రార్థన చెల్లలేదు. ఆందోళన జరుగగా, తుదకు ప్రాణములు దక్కి శిక్షలు యావజ్జీవముగా మారినవి. పదకొండు నెలలలో ముగిసిన విచారణ గదా అని దానిని మెచ్చుకొనువారు మాకు వద్దు.

నిన్న మొన్నటి సంగతి మరొకటి. 2007 డిసెంబరులో విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నపు హాస్టలులో ఒక ఫార్మసీ విద్యార్థిని దారుణముగా హతురాలయ్యెను. దేశమంతయు అల్లకల్లోలమైనది, ఎవరినో ఒకరిని పట్టుకొనవలెనను ఒత్తిడి హెచ్చినది. పట్టుబడిన యువకునికి 2010లో క్రిందికోర్టు యావజ్జీవము వేసెను. 2017 మార్చి 31న హైకోర్టు అతడు నిర్దోషియని విడిచి, పరిహారమిప్పింపుమని చెప్పెను. ఎనిమిదేండ్లకు పైగా చెరలోనుండెను. పట్టుకొనుటలో త్వర, అప్పీలులో జాగు, రెండును ఒక్కని నెత్తినే పడినవి. ఆ బిడ్డ తల్లిదండ్రులకు బిడ్డయు లేదు, బిడ్డను చంపినదెవరో తేలలేదు. 2018లో సి.బి.ఐ. మరల మొదటినుండి మొదలుపెట్టవలసివచ్చినది. ఆలస్యము వలన ముద్దాయికి లాభమనుట ఎల్లప్పుడును నిజము కాదని దీనివలన తెలియుచున్నది. దోషికి లాభము, నిర్దోషికి చెర.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో కొంచెము చూతము. చట్టము మూగదికాదు. త్వరిత విచారణ పౌరుని ప్రాథమికహక్కులో భాగమని 1979లో బీహారు విచారణఖైదీల కేసులో, హుస్సేనారా ఖాతూన్ కేసని పేరు, సుప్రీంకోర్టు చెప్పినది. సాక్షుల విచారణ మొదలైన పిదప దినదినము సాగవలెననియు, సాక్షి హాజరైయుండగా విచారింపక పంపవలెనన్న ప్రత్యేక కారణములు వ్రాయవలెననియు, వకీలు వేరొక కోర్టులోనుండుట వాయిదాకు కారణము కాదనియు పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు 309వ సెక్షనులో ఉండెను. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త సంహితలో 346వ సెక్షనుగా అవియే వచ్చి, తప్పనిసరి పరిస్థితులలోనైనను రెండు వాయిదాలకు మించి ఇయ్యరాదని చేరినది. అత్యాచార నిరోధక చట్టము క్రింద చార్జిషీటు నాటినుండి రెండునెలలలో విచారణ ముగియవలెనని, అప్పీలు మూడునెలలలో తేలవలెనని 2015 సవరణ చెప్పుచున్నది. చదివిన చెవులకు ఇంపుగా నున్నది. "సాధ్యమైనంతవరకు" అను ఒక్క మాట ఆ గడువులలో దూర్చబడియున్నది. మావారు ఆ మాట యందే కాపురముందురు.

జడ్జీల కొరతను గూర్చి అందరును చెప్పుదురు గనుక నేను క్లుప్తముగా చెప్పెదను. పదిలక్షల జనమునకు పదిమందియే జడ్జీలున్నారని, ఏబదిమంది కావలెనని లా కమిషను 1987లోనే వ్రాసినది. ఆ సంఖ్యకు మనమింకను చేరలేదు. అది ప్రభుత్వముల తప్పు. దానిని ప్రభుత్వముల ఖాతాలోనే వ్రాయుడు. మా తప్పులను గూడ ఆ ఖాతాలో వ్రాసి మేము తప్పించుకొనుచున్నాము, నా ఫిర్యాదు అది.

కోర్టుగదిలోని నడవడిని గూర్చి రెండు మాటలు. సాక్షి యనగా న్యాయస్థానమునకు సాయపడ వచ్చినవాడు. కాని ముద్దాయికి వకీలున్నాడు, ప్రభుత్వమునకు వకీలున్నాడు, సాక్షికి ఎవరును లేరు. వరండాలో బల్లయున్నచో దానిపై పోలీసులు, గుమాస్తాలు కూర్చుందురు. సాక్షి గోడకానుకొని నేలపై కూర్చుండును. నీళ్లెక్కడని అడుగుటకు జంకును. బంట్రోతు పేరు పిలిచిన పిలుపు ఊరిలో పశువును పిలిచినట్లుండును. భత్యమున్నదని ఆ మనిషికి చెప్పువాడు లేడు. బోనెక్కిన పిదప మా గొంతులు హెచ్చును. చదువురాని స్త్రీని "అబద్ధమాడుచున్నావు గదా" అని నలుగురిలో గద్దించుట కొందరికి పౌరుషముగా తోచును. అవమానించుటకో, విసిగించుటకో అడిగిన ప్రశ్నలను కోర్టు ఆపవలెనని 1872 నాటి సాక్ష్యచట్టముననే యుండెను. 2023 నాటి కొత్త చట్టమునను ఉన్నది. నూటయేబదేండ్ల నియమము. నా యిరువదేండ్ల వృత్తిలో దానిని వాడి ప్రశ్నను ఆపిన న్యాయాధికారులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. లేచి ఆక్షేపించిన ప్రాసిక్యూటర్లు అంతకంటె తక్కువ. సాక్షులను పదేపదే త్రిప్పి, విసిగించి, కడకు వారు రాకుండునట్లో మాటమార్చునట్లో చేయుట రివాజైనదని 2000లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బాధపడినది. 2018లో సాక్షుల రక్షణ పథకమును చట్టముతో సమానముగా అమలుపరచుమని ఆజ్ఞాపించినది. మీలో ఆ పథకమును గూర్చి వినినవారు చేతులెత్తుడు... చూచితిరా! సాక్షులకే తెలియని సాక్షుల రక్షణ.

ఇప్పుడు కార్యదర్శిగారి గంట మ్రోగవలసిన చోటికి వచ్చితిని. నేను తెలంగాణ ఉద్యమమున స్వయంసేవకుడను. 2011లో సకలజనుల సమ్మె 42 దినములు జరిగినపుడు మేము కోర్టులను బహిష్కరించి రోడ్లపై కూర్చుంటిమి. 2016 జూనులో న్యాయాధికారుల విభజన విషయమై మరల బహిష్కరించితిమి. ఉద్యమము న్యాయమైనది, నేడును అదేమాట చెప్పుదును, సిగ్గుపడను. కాని వకీళ్లకు కోర్టు బహిష్కరణ హక్కు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరు 17న హరీష్ ఉప్పల్ కేసులో చెప్పియుండెను. ఆ తీర్పును మేము చదివియే బహిష్కరించితిమి. ఒకనాడు ధర్నాశిబిరము వద్దకు ఒక తల్లి వచ్చి, కొడుకు బెయిలు దరఖాస్తు ఎప్పుడు వినబడునని నన్నడిగినది. "రాష్ట్రము వచ్చినంక" అని మావాడొకడు నవ్వుచు బదులు చెప్పెను. నేనును నవ్వితిని. రాష్ట్రము వచ్చినది. ఆ తల్లి మరల నాకు కనబడలేదు. మన పోరాటమునకు వెల ఎవరు చెల్లించిరో ఆ లెక్క మేము వ్రాసిపెట్టలేదు.

లెక్క యంటిని గనుక నేను వచ్చిన పని చెప్పెదను. వనపర్తి ఓటర్లు 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నుకొనిన సురవరము ప్రతాపరెడ్డిగారు మా వృత్తి చదివినవారే; 1926లో గోలకొండ పత్రిక స్థాపించి, అధికారులు చెప్పని సంగతులు జనులకు తెలుపుట పనిగా పెట్టుకొనిరి. మనకు పత్రిక పెట్టు స్తోమత లేదు; ఒక పుస్తకము పెట్టు స్తోమత యున్నది. నేడు ప్రతి కేసు వాయిదా వివరము ఈ-కోర్టుల తెరపై ఎవరైనను చూడవచ్చును. ఏ దినమున ఎందులకు వాయిదా పడినదో ఒక పంక్తి యందులో ఉండును. ఈ మండలములోని హత్యకేసుల సాక్షులు కోర్టునుండి తిరిగివచ్చినపుడు మీ గ్రంథాలయమునకు రావలెను. చదువువచ్చిన పిల్లవాడొకడు తేదీ, వాయిదా అడిగినవారెవరు, చూపిన కారణము, సాక్షికైన బస్సుకూలి, భత్యమిచ్చిరా లేదా, ఈ అయిదును వ్రాయవలెను. కేసులోని సాక్ష్యమును గూర్చి ఒక్క అక్షరమైన వ్రాయరాదు. అది కోర్టు పని. ఏడాదికొకసారి ఆ పుస్తకపు నకలు జిల్లా న్యాయాధికారిగారికిని, బారు సంఘమునకును పంపుడు. తిరిగి జవాబు వచ్చునో రాదో చూతము.

రెండువందల పుటల పుస్తకమొకటి వనపర్తిలో కొని తెచ్చితిని. మొదటి రెండు పుటలు నేనే నింపితిని. గత మూడేండ్లలో నేను స్వయముగా అడిగి తీసికొనిన వాయిదాలు, తేదీలతో, కారణములతో నున్నవి. కొన్ని కారణములు నిజమైనవి. కార్యదర్శిగారు పుస్తకమును స్వీకరింపవలెనని కోరుచున్నాను.